నీళ్లు పోసే మరియమ్మ, ఒక నీలి మచ్చ

ఖమ్మం నుంచి చర్ల దాకా నేను చూడని పసిబిడ్డ వీపు లేదని జనం చెప్పుకుంటారు. జనం అంటే నేనే. పెళ్లిళ్లలో, చర్చి భోజనాల్లో, బస్టాండులో పక్కన కూర్చున్నవాళ్లకి ఈ మాట నేనే చెప్పాను. పిల్లల డాక్టరుగా పనిచేసిన మాట మాత్రం నిజం. మొదట చర్ల వైపు సర్కారు దవాఖానాలో, తరవాత కొత్తగూడెంలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో. ఆ నర్సింగ్ హోం ఇప్పుడు లేదు. దాని యజమాని కూడా డాక్టరే. నాకన్నా వయసులో చిన్నవాడైనా అందరం ఆయన్ని పెద్దసారు అనేవాళ్లం.

పదోన్నతుల గురించి రాయను. రాలేదు కాబట్టి రాయడానికేం లేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకి చర్మం గురించి రాస్తాను. మీరు గుండె గురించి నెలల తరబడి చదువుతారు, ఊపిరితిత్తుల గురించి చదువుతారు, చర్మం పాఠం రోజున క్యాంటీన్లో కూర్చుంటారు. రేపు మీ ఓపీలో సగం మంది తల్లులు బిడ్డ చొక్కా ఎత్తి "ఇదేంది సార్?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి మీరు చెప్పే ఒక్క మాట మీద ఒక్కోసారి ఒక మనిషి బతుకు ఆధారపడి ఉంటుంది. మరియమ్మ బతుకు అలాగే పోబోయింది. ఇదంతా రాస్తున్నది ఆమె కోసమే.

నీళ్లు పోసే మనిషి

గని కార్మికుల క్వార్టర్స్‌లో బాలింత ఇంటికి పొద్దున్నే ఒక మనిషి వచ్చి బిడ్డకి నీళ్లు పోసి వెళ్తుంది. అక్కడ ఆ పని మరియమ్మది. పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల పైకి మడిచి, కాళ్లు చాపి, ఆ రెండు కాళ్ల మధ్య బిడ్డని బోర్లా పడుకోబెడుతుంది. నూనె రాస్తుంది, సున్నిపిండి రుద్దుతుంది, చెంబుతో వేడినీళ్లు పోస్తుంది, ముక్కు సాగదీస్తుంది, చివరికి సాంబ్రాణి పొగ పడుతుంది. బిడ్డ మొదట ఏడ్చి, తరవాత మత్తుగా నిద్రపోతుంది. ఆ నిద్ర కోసమే ఇంటింటా ఆమెని పిలిచేవాళ్లు.

నాకూ ఆమెకీ పడేది కాదు. సున్నిపిండి వద్దనేవాణ్ణి. పసిబిడ్డ చర్మం మన చర్మం కన్నా చాలా పలచన. పిండితో రుద్దితే బుగ్గల మీద, మోచేతుల మీద పొడిబారి ఎర్రబడుతుంది, దురద మొదలవుతుంది. అలాంటి బిడ్డకి కావలసింది గోరువెచ్చని నీళ్లతో కాసేపు స్నానం, ఒళ్లు తడి ఆరకముందే వాసనలేని మెత్తని క్రీమో, నూనెలు పడే బిడ్డకైతే కొబ్బరినూనో. పొగ కూడా వద్దనేవాణ్ణి. "మీరు పుట్టినప్పుడు మీ అమ్మ మీకు పొగ పట్టలేదా సారూ? డాక్టరయిండ్రు గదా" అని ఆమె నా ముందే నవ్వేది.

చివరికి ఆమెని మార్చేశానని పెద్దసారు దగ్గర గొప్పలు చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. నేను కనిపించే ఇళ్లలో పొగ మానేసింది, అంతే.

ఏమీ చేయకపోవడం అనే వైద్యం

మన పనిలో కష్టమైనది మందు రాయకుండా ఉండడం.

పుట్టిన రెండు మూడు రోజులకి కొందరు బిడ్డల ఒళ్లంతా ఎర్రటి పొడలు లేస్తాయి. మధ్యలో తెల్లటి చిన్న పొక్కులు ఉంటాయి. పొద్దున ఛాతీ మీద ఉన్నవి సాయంత్రానికి తొడ మీద కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లు అమ్మవారు పోసిందని వేపాకు కడతారు, లేదా మీ మీద పడి మందు అడుగుతారు. బిడ్డ హుషారుగా పాలు తాగుతుంటే, జ్వరం లేకపోతే, వాటికి ఏ మందూ వద్దు. వారం పది రోజుల్లో వాటంతట అవే పోతాయి. అదే బిడ్డ పాలు మానేసినా, మగతగా ఉన్నా, ఒళ్లు కాలినా చల్లబడినా, పొక్కుల్లో చీమో నీరో నిండినా ఒక్క పూట కూడా ఆగకండి, పెద్ద దవాఖానాకి పంపండి. ఈ రెంటికీ తేడా పట్టగలిగితే మీ చదువు దండగ కాలేదన్నమాట.

మే నెల ఎండలో ఉన్ని టోపీ, మేజోళ్లు, పైన రెండు దుప్పట్లతో తెచ్చే బిడ్డల మెడ మీదా చంకల్లోనూ కనిపించేవి చెమటకాయలు. బట్టలు విప్పండి. వైద్యం అదే. పౌడర్ వద్దు. అది మడతల్లో ముద్దకట్టి ఇంకా మంట పుట్టిస్తుంది. పిర్రలు ఎర్రబడితే గుడ్డ తరచూ మార్చండి, ఉత్త నీళ్లతో కడగండి, గాలి తగలనివ్వండి, జింకు పూత రాయండి. గజ్జల మడతల్లోకి కూడా ఎరుపు దిగి చుట్టూ చిన్న చిన్న చుక్కలు కనిపిస్తే అది బూజు, అంటే ఫంగస్, దానికి వేరే మందు. తల మీద పసుపు చెక్కు కట్టినట్టుంటే నూనెతో నానబెట్టి మెత్తటి దువ్వెనతో తీయండి. గోటితో గీకకండి.

చర్లలో ఒక అడవి ఊరి తల్లి తన బిడ్డని తెచ్చింది. అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులు. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకి అరకొరగా వచ్చు. వెనక నిలబడ్డ అవ్వ తన వేళ్ల సందులు గోక్కుంటోంది. నేను బిడ్డని వదిలేసి అవ్వ చేతులు చూశాను. గజ్జి. అందరూ ఒకే దుప్పటి కింద పడుకునే ఇల్లు. బిడ్డకి మాత్రమే మందిస్తే మళ్లీ వారానికి వస్తుంది. అప్పటి మా పై అధికారి ఒక బిడ్డకి ఒక ట్యూబే అన్నాడు. నేను ఇంటిల్లిపాదికీ ఒకేసారి ఇప్పించాను, బట్టలు ఉడికించమన్నాను. తరవాత చూడ్డానికి వాగులు దాటి నడిచి వెళ్లానని చెబుతుంటాను. ఆశా కార్యకర్త భర్త బండి వెనక కూర్చుని వెళ్లాను. వాగు ఉన్న మాట నిజం, దాని మీద వంతెన కూడా ఉంది.

ఇక మెడికల్ షాపుల్లో అడగ్గానే ఇచ్చే, మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు. దద్దుకి అదే, చెమటకాయకి అదే, పిర్రల ఎరుపుకి అదే. రాసిన రెండు రోజులకి ఎరుపు తగ్గుతుంది, ఇల్లంతా సంతోషిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం కాగితంలా పలచబడి కింద నరాలు కనిపిస్తాయి. తల్లాడ నుంచి వచ్చిన ఒక బిడ్డకి అలాగే అయింది. ఆ ట్యూబుని ఓపీ కిటికీలోంచి బయటికి విసిరానని చెప్పుకుంటాను. మా ఓపీ కిటికీకి దోమతెర ఉండేది. సొరుగులో పడేశాను. కానీ ఆ ట్యూబు నా చేత్తో ఎప్పుడూ రాయలేదు. ఇందులో అబద్ధం లేదు.

ఫోన్లో ఫొటో

నేను ఉద్యోగం మానేయడానికి రెండు మూడేళ్ల ముందు సంగతి. గనిలో పనివాళ్ల మీద అజమాయిషీ చేసే ఓవర్‌మన్ భార్య సుగుణమ్మ. వాళ్ల కూతురు స్వప్న తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. మా నర్సింగ్ హోంలోనే ఆడపిల్లని కన్నది. ఇంటికి వెళ్లినప్పటి నుంచీ బిడ్డకి నీళ్లు పోసింది మరియమ్మే. వెనక బాత్రూంలో, మసక వెలుతురులో.

బిడ్డకి రెండు నెలలు నిండాక ఒక రోజు సుగుణమ్మ మనవరాలిని పొద్దుటి ఎండకి వాకిట్లో బోర్లా పడుకోబెట్టింది. నడుము కిందా, పిర్ర మీదా నీలం బూడిద కలిసిన రంగులో అరచేయంత మచ్చ. ఆమె వెంటనే మా పెద్దసారు దగ్గరికి తీసుకొచ్చింది. ఆయన ఆ రోజు కాన్పు గదికీ ఓపీకీ మధ్య తిరుగుతున్నాడు. నిలబడే చూసి, ఎవరో గట్టిగా నొక్కినట్టుంది, కమిలింది, ఈ ట్యూబు రాయండి అని వెళ్లిపోయాడు.

ఎవరో అంటే ఎవరు? బిడ్డని నొక్కి, సాగదీసి, రుద్దే మనిషి ఆ ఇంటికి ఒక్కతే వస్తుంది.

పక్కింటి విజయ ఆ మచ్చని ఫోన్లో ఫొటో తీసింది. ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటోలో అది ఇంకా నల్లగా పడింది. మధ్యాహ్నానికల్లా క్వార్టర్స్ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో తిరిగింది. కింద ఏం రాశారో నేను చదవలేదు. చదివినవాళ్లు చెప్పారు. మర్నాడు ఒక ఇంట్లో రావద్దన్నారు. ఆ తరవాత ఇంకొక ఇంట్లో. ఆ వారం ఆదివారం చర్చిలో ఆమె పక్కన కూర్చునేవాళ్లు కూడా తగ్గారని మా ఆవిడ చెప్పింది.

మరియమ్మ నా ఓపీకి వచ్చింది. నవ్వే మనిషి నవ్వలేదు. బల్ల మీద రెండు చేతులూ పరిచి పెట్టింది.

"సారూ, నాకు తెల్వకుండ నా చేతులే గట్ల నొక్కినయా? వయసు మీదవడ్డది. ఎంత జోరుగ పట్టుకుంటున్ననో నాకే తెలుస్తలేదా ఏంది?"

చేయలేదని వాదించడానికి వచ్చిందనుకున్నాను. కానీ ఆమె తన చేతుల మీదే అనుమానంతో వచ్చింది. డాక్టరు చెప్పాడు కాబట్టి నిజమే అయి ఉంటుందని, ఇన్నేళ్లు తను పోసిన బిడ్డలందరినీ గుర్తు చేసుకుంటూ కూర్చుందట. ఇంకెవరిని కమిలించానో అని.

దెబ్బకీ మచ్చకీ తేడా

ఆ సాయంత్రం నేను సుగుణమ్మ ఇంటికి వెళ్లాను. పిలవలేదు, వెళ్లాను. స్వప్న బిడ్డని తెచ్చి నా ఒళ్లో పెట్టింది. వాకిట్లో పగటి వెలుతురులో చూశాను. చదునుగా ఉంది, వాపు లేదు. వేలితో అంతా నొక్కాను. బిడ్డ ఏడవలేదు. నా చొక్కా మీద ఉచ్చ పోసి, నన్ను చూసి నవ్వింది.

అది పుట్టుకతో వచ్చే నీలి మచ్చ. మన వైపు చాలామంది బిడ్డలకి ఉంటుంది. నడుము కింద, పిర్రల మీద, ఒక్కోసారి భుజాల మీద కూడా. చర్మం లోపలి పొరల్లో రంగు కణాలు ఆగిపోవడం వల్ల వస్తుంది. నొప్పి ఉండదు, మందు అక్కర్లేదు, చాలామందికి బడికి పోయే వయసుకి వెలిసిపోతుంది. దెబ్బ అలా ఉండదు. దెబ్బ ముట్టుకుంటే బిడ్డ మూలుగుతుంది. రోజులు గడిచేకొద్దీ నీలం ఆకుపచ్చగా, పసుపుగా మారి పోతుంది. పది రోజులాగి చూసినా మచ్చ అదే రంగులో ఉంటుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంకా పాకడం రాని బిడ్డ ఒంటి మీద నిజంగా దెబ్బ ఉంటే ఎవరి మొహమూ చూడకండి, బిడ్డని వదలకండి. అనుమానం తప్పు కాదు. చూడకుండా మాట అనేయడం తప్పు.

సుగుణమ్మ నమ్మలేదు. ఆమెని తప్పు పట్టను. "పెద్ద డాక్టరు గట్లంటడు, మీరు గిట్లంటరు. మరి పుట్టినప్పుడు ఎవలూ ఎందుకు చెప్పలె?" అని అడిగింది.

ఆ బిడ్డ పుట్టింది మా దగ్గరే. పుట్టిన రోజే బోర్లా తిప్పి, ఇదిగోమ్మా, ఈ మచ్చ దీనితోనే పుట్టింది అని తల్లికి చూపించి ఉంటే ఈ గొడవే లేదు. మా నర్సింగ్ హోంలో ఎవరూ చూపించలేదు. మీరు మాత్రం చూపించండి. ప్రతి బిడ్డకీ, ఇంటికి పంపే ముందు.

పెద్దసారు

మర్నాడు పెద్దసారు గదిలో బల్ల మీద గుద్ది, మీరు అన్న మాట మీరే వెనక్కి తీసుకోండి అన్నానని తరవాత నా శిష్యులకి చెప్పాను. గుద్దలేదు. గదిలోకి వెళ్లాను, ఆయన కూర్చోమన్నాడు, నేను కూర్చుని వాతావరణం గురించి మాట్లాడాను. బయటికి వచ్చి టీ తాగాను. తాగి మళ్లీ లోపలికి వెళ్లి అప్పుడు చెప్పాను.

ఆయన మచ్చ గురించి వాదించలేదు. మచ్చే అయి ఉండొచ్చన్నాడు. కానీ ఒకే కప్పు కింద ఒక డాక్టరు మాటని ఇంకో డాక్టరు కాదంటే ఆ క్వార్టర్స్ నుంచి రేపు ఎవరొస్తారని అడిగాడు. నెల తిరిగితే అందరూ మరిచిపోతారు, ఆ ముసలామెకి వేరే పని దొరుకుతుంది అన్నాడు.

"ఆమెకి వేరే పని రాదు సార్" అన్నాను. "మీకు మాత్రం ఇంకొక మాట వచ్చు. అది చెప్పండి."

చెప్పనన్నాడు. అయితే నేను చెబుతానన్నాను. నా ఆదివారం ఓపీ ఆ నెల నుంచి వేరే కుర్రాడికి ఇచ్చారు. ఆదివారాలు చేపలు పట్టడానికి వెళ్లాను. చేపలు కూడా పెద్దగా పడలేదు.

కొత్తగా వస్తున్నవాళ్లకి ఒకటే చెబుతాను. తప్పు పలికాక దాన్ని కాపాడుకోవడం మన వృత్తిలో మర్యాద అనుకుంటారు. అది మర్యాద కాదు. నేను ఇప్పటికీ ఒప్పుకోను, ఎవరొచ్చి చెప్పినా ఒప్పుకోను.

బుధవారం

బుధవారం క్వార్టర్స్ పక్క ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేస్తారు. చుట్టుపక్కల ఊళ్ల తల్లులు కూడా వస్తారు. సుగుణమ్మ మనవరాలికీ అప్పుడే టీకా బాకీ ఉంది. నేను ముందే వెళ్లి అక్కడి నర్సుకి విషయం చెప్పాను. ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, సరే అంది.

సుగుణమ్మ మనవరాలితో వచ్చాక, ఆమెని వెంటబెట్టుకుని వరసగా కూర్చున్న తల్లుల దగ్గరికి వెళ్లి, అమ్మా, మీ బిడ్డని ఒక్కసారి బోర్లా తిప్పుతారా, ఈ అవ్వకి చూపించాలి అని అడిగాను. ఒకామె నవ్వింది, ఇంకొకామె మొహం తిప్పుకుంది. అడిగినవాళ్లలో చాలామంది తిప్పారు. వంద పిర్రలు చూపించానని చెప్పుకుంటాను. అంతమంది రారు ఆ కేంద్రానికి. కానీ తిప్పిన బిడ్డల్లో సగానికి పైగా ఆ నీలం ఉంది. ఒకరికి రూపాయి బిళ్లంత, ఒకరికి నడుమంతా. అడవి వైపు నుంచి వచ్చిన ఒక తల్లి బిడ్డకి భుజం మీద కూడా ఉంది. ఇది పుట్టినప్పటి నుంచీ ఉన్నదే, మా పెద్దోడికీ ఉండె, పోయింది అని ఆమే చెప్పింది.

సుగుణమ్మ ఒక్కో బిడ్డ దగ్గరా వంగి చూసింది. వేలితో రుద్ది చూసింది.

వరస చివర విజయ ఉంది. ఆ ఫొటో తీసిన పక్కింటామె, నాలుగు నెలల కొడుకుతో. నేను ఆమెని అడగలేదు. అడిగింది సుగుణమ్మ.

"నీ పొల్లగాణ్ణి తిప్పు విజయా."

"వాడు నిద్రపోతుండు అత్తా."

"తిప్పు."

విజయ తిప్పింది. రెండు పిర్రల మీదా నీలం. ఆమె కొడుక్కి నీళ్లు పోసేది ఆమె అత్తగారు. మరియమ్మ ఆ బిడ్డని ఒక్కసారి కూడా తాకలేదు. క్వార్టర్స్‌లో అందరికీ తెలిసిన సంగతే అది.

విజయ కొడుకు మీదికి వంగి చూసింది. "ఇది నేనెప్పుడు చూడలే" అని మెల్లగా అంది. అబద్ధం చెప్పిందని నేననుకోను. మన వాళ్లు బిడ్డ మొహం చూస్తారు, వీపు చూడరు. ఆమె ఫొటో తీసేసిందో లేదో నాకు తెలియదు. ఒకసారి వెళ్లిన ఫొటో వెనక్కి రాదు.

వాకిలి

రెండు రోజులాగి సుగుణమ్మ స్వప్నని పంపి మరియమ్మని రమ్మంది. తప్పయిందని చెప్పి పంపలేదు. రేపటి నుంచి రమ్మని మాత్రమే. ఆ పొద్దున నేనూ వెళ్లాను. క్వార్టర్స్ మొత్తం కదిలి వచ్చిందని రాద్దామనుకున్నాను. నలుగురు ఆడవాళ్లు, పాలు పోసే ఆయన, ఒక మేక ఉన్నారు.

మరియమ్మ వచ్చింది. లోపలికి అడుగు పెట్టలేదు. వెనక బాత్రూంలో నీళ్లు కాగి ఉన్నాయని సుగుణమ్మ చెప్పింది.

"ఎనక పొయ్యను సుగుణక్కా. గీడ్నే పోస్తా, ముంగట."

"రోడ్డు మీదనా? పిల్లకు దిష్టి తగుల్తది."

"నాకు తగిలింది గదా. నేను బతికే ఉన్న."

సుగుణమ్మ నా వైపు చూసింది. నేను మేక వైపు చూశాను. ఇంతలో స్వప్న లోపలికి వెళ్లి, పీట తెచ్చి వాకిట్లో వేసింది. మళ్లీ వెళ్లి నీళ్లు తెచ్చింది. మూడోసారి బిడ్డని తెచ్చింది. అప్పుడు సుగుణమ్మ నూనె గిన్నె పట్టుకుని వచ్చి మెట్టు మీద కూర్చుంది.

మరియమ్మ పీట మీద కూర్చుని కాళ్లు చాపింది. అరచేతులు రెండూ ఒకదానితో ఒకటి రుద్దుకుని, బిడ్డని అందుకుంది. బిడ్డని కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, నీలి మచ్చ రోడ్డు వైపు కనిపించేలా తిప్పి, దాని మీద అరచేయి పూర్తిగా ఆనించి నూనె రాసింది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఆమె ఎవరినీ చూడలేదు. చెంబు ముంచి, తొందరేం లేకుండా, నీళ్లు పోసింది.